ప్రవాసాంధ్రుల శిశుజనన పత్రములు: ఇంటిపేరు దిద్దుబాటు

ఆంధ్రదేశమునకు వెలుపల తరతరములుగా స్థిరపడిన తెలుగువారి ఇండ్లలో శిశువు జన్మించిన రెండవ దినముననో మూడవ దినముననో ఆసుపత్రి గుమాస్తా ఒక పత్రమును తెచ్చి ముందుంచును. అందు శిశువు పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, చిరునామా మొదలగు గళ్ళుండును. తల్లి బాలెంతరాలు, తండ్రి మందులకై తిరుగుచుండును, అమ్మమ్మయో మేనమామయో నోటితో చెప్పిన మాటను గుమాస్తా తనకు తోచినట్లు వ్రాసికొనును. అతడు సేలములో తమిళుడు, సోలాపురములో మహారాష్ట్రుడు, బరంపురములో ఓఢ్రుడు. తెలుగువారి పేరునందు ఇంటిపేరు ముందుండునని అతడెరుగడు. కొన్నిదినములకు పురపాలక కార్యాలయమునుండి చేతికి వచ్చిన జనన ధ్రువపత్రమున తాతపేరో, ఊరిపేరో, 'రావు' అను గౌరవవాచకమో బిడ్డకు ఇంటిపేరై కూర్చుండును.

ఇది స్వల్పమైన పొరపాటని తలచి పెక్కుమంది ఆ పత్రమును పెట్టెలో దాచి మరచుచున్నారు. పూర్వమట్లు మరచినను పెద్దనష్టము లేకుండెను. బడిలో పంతులు వ్రాసికొన్న పేరే తరువాతి పత్రములకెల్ల మూలమయ్యెడిది. ఇప్పుడు పరిస్థితి వేరు. 1969 నాటి జనన మరణముల రిజిస్ట్రేషను చట్టము 2023లో సవరింపబడినది. ఆ సవరణ అమలునకు వచ్చిన 2023 అక్టోబరు 1వ తేదీనాడు గాని ఆ తరువాత గాని పుట్టినవారి విషయమున విద్యాలయ ప్రవేశము, డ్రైవింగు లైసెన్సు, వోటర్ల జాబితా, వివాహ రిజిస్ట్రేషను, ప్రభుత్వోద్యోగము, పాస్‌పోర్టు, ఆధార్ సంఖ్య మొదలగువానికి జననతేదీని, జన్మస్థలమును రుజువు చేయుటకు జనన ధ్రువపత్రమునే ఆధారముగా గ్రహింతురు. కావున ఆ పత్రముననున్న తప్పు మున్ముందు ప్రతి కార్యాలయమునకును బిడ్డవెంట నడచును.

తెలుగువారి ఇంటిపేరును ఇంగ్లీషువారి సర్‌నేముతో సమానముగా భావించుట సగమే నిజము. సర్‌నేము పేరునకు వెనుక నిలుచును. నలుగురును మనిషిని దానితోనే పిలుతురు. ఇంటిపేరు ముందు నిలుచును; దానితో మనిషిని పిలువరు. సంతకమున అది ఒక్క యక్షరమునకు కుదించుకొనిపోవును. పెండ్లిసంబంధము మాటలాడునప్పుడు "మీరే యింటివారు?" అని పెద్దలడుగునప్పుడే అది పూర్తిగా నోటికి వచ్చును. ఒకే యింటిపేరు గలవారు అన్నదమ్ముల వరుసయగుదురు గనుక వియ్యమందుకొనుటకు ముందు ఆ ప్రశ్న తప్పదు. ఇట్లు నిత్యవ్యవహారమునకు దూరమై వంశవ్యవహారమునకు మాత్రమే పనికివచ్చు పదము గనుకనే, ఇతర భాషలవారి రికార్డులలో అది మొదట జారిపోవుచున్నది.

రాష్ట్రపతులుగా పనిచేసిన ఇద్దరి పేర్లను పోల్చిచూచినచో ఈ విషయము తేటపడును. సర్వేపల్లి రాధాకృష్ణన్ జన్మస్థలము తిరుత్తణి. 1960 ఏప్రిల్ 1న సరిహద్దుల మార్పుతో మద్రాసు రాష్ట్రమున చేరిన తాలూకా అది. సర్వేపల్లి యనునది నెల్లూరు మండలములోని గ్రామము. తండ్రి పేరు చివర తమిళదేశపు 'న్' చేరినను, కుమారుడైన చరిత్రకారుడు సర్వేపల్లి గోపాల్ పేరున ఇంటిపేరు చెక్కుచెదరలేదు. వరాహగిరి వేంకటగిరి 1894లో బరంపురమున జన్మించెను. వరాహగిరి ఇంటిపేరు, లోకమునకు మిగిలినది మాత్రము 'గిరి'. ఇంగ్లీషు మర్యాద ననుసరించి వ్రాయువారు వ్యక్తినామములోని ఆ తుదిభాగమునే వంశనామమువలె వాడుచుందురు. ఇక నటుడు బళ్ళారి రాఘవ సంగతి మరింత చిత్రము. ఆయన అసలు పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. ఇంటిపేరును ఊరిపేరే, ప్రసిద్ధినామమునకు ముందున్నదియు ఊరిపేరే. గళ్ళలో నింపవలసిన గుమాస్తా ఈ రెండింటిలో నేది వంశనామమని తేల్చగలడు?

తప్పు పుట్టు విధము రాష్ట్రమునకొక తీరుగ నుండును. తమిళనాడున ప్రజలు పేరునకు ముందు వ్రాయు పొడియక్షరము తండ్రి పేరునకు గుర్తు. నాయకరాజుల కాలమునుండి మధుర, తంజావూరు, కోయంబత్తూరు ప్రాంతములలో నెలకొన్న తెలుగు కుటుంబములలో పెక్కు ఈ పద్ధతినే అవలంబించినవి. ఇంటిపేరు పెండ్లిపత్రికలలోను పెద్దల జ్ఞాపకములోను తప్ప, ప్రభుత్వ పత్రములలో రెండు మూడు తరములుగా లేదు. ఇట్టి కుటుంబమున పుట్టినవాడు విదేశమునకు పోదలచి పాస్‌పోర్టు పత్రములోని సర్‌నేము గడిని నింపవలసివచ్చినప్పుడు తండ్రి పేరును వ్రాయును. తండ్రి తన పత్రమున తాత పేరును వ్రాసియుండును. ఒకే వంశమున తరమునకొక వంశనామము ఏర్పడును. విదేశపు కార్యాలయములో తండ్రీకొడుకులని నమ్మించుటకు వేరే కాగితములు చూపవలసివచ్చును.

తమిళలిపి తెచ్చిపెట్టు చిక్కు దీనికి తోడు. ఆ లిపిలో క-గ, ట-డ, త-ద, ప-బ అను జంటలకు వేర్వేరక్షరములు లేవు. 'బొడ్డు' ఇంటిపేరును తమిళమున వ్రాసి, దానిని చూచి మరియొకడు ఇంగ్లీషులోనికి మార్చినచో అది 'పొట్టు' అగును. బొడ్డువారు పొట్టువారగుట వినువారికి నవ్వు పుట్టించును గాని, ఆస్తిపత్రమున ఒకటియు జననపత్రమున ఒకటియు నున్నప్పుడు ఆ కుటుంబమునకు నవ్వు రాదు. తమిళ ప్రతి, ఇంగ్లీషు ప్రతి రెండును ఒకే పత్రముమీద నుండును గనుక ఇంగ్లీషు అక్షరములను వేరుగ పరీక్షించుకొనుట అవసరము.

మహారాష్ట్రములో చిక్కు వేరు. తెలంగాణమునుండి పోయి సోలాపురము, భివండీలలో మగ్గములు స్థాపించుకొన్న పద్మశాలీలు అచటి మర్యాద ననుసరించి తన పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు అను వరుసలో వ్రాసికొందురు. ఇంటిపేరు చోటు మారినదే గాని పోలేదు. ఈ విషయమున వారు తమిళనాటి తెలుగువారికంటె అదృష్టవంతులే. కాని తండ్రి స్వగ్రామమున సంపాదించిన పాతపత్రములలో తెలుగు వరుసయే యుండును. మాటకు, తండ్రి 'బత్తుల రాజయ్య' యనుకొందము. మరాఠీ గుమాస్తా మొదటి మాటను స్వంత పేరుగా, తుదిమాటను వంశనామముగా గ్రహించి బిడ్డను 'కిరణ్ బత్తుల రాజయ్య' యని వ్రాయును. కావలసినది 'కిరణ్ రాజయ్య బత్తుల'. అక్షరమొక్కటియు తప్పుకాదు, వరుస మాత్రమే తప్పు. అందుచేతనే ఇంటివారు పత్రమును చదివి "అన్నియు ఉన్నవి" అని తృప్తిపడి ఊరకుందురు. తప్పు బయటపడునది తమ్ముడు పుట్టినప్పుడు. అప్పటి గుమాస్తా సరిగా వ్రాసినచో అన్నదమ్ములిద్దరికి రెండు వంశనామములేర్పడును.

ఒడిస్సాలోని గంజాము, పర్లాకిమిడి, కోరాపుట్టు ప్రాంతములలో రావు, రెడ్డి, నాయుడు, మూర్తి మొదలగు తుదిమాటలే వంశనామములుగా నమోదగుట పరిపాటి. అట్లు వేర్వేరు ఇండ్లవారందరును 'రావు'లై కలిసిపోవుచున్నారు. కర్ణాటకమున కన్నడలిపి తెలుగులిపికి దగ్గరిది గనుక అక్షరదోషము తక్కువ. అచట ఊరిపేరును, తండ్రిపేరును పొడియక్షరములుగా వ్రాయు అలవాటు తెలుగు ఇంటిపేరుతో కలియుటచే కోలారు, బళ్ళారి మండలములలో ఏ అక్షరము దేనికి గుర్తో తెలియని స్థితి ఏర్పడుచుండును.

యానాము చరిత్ర వీటన్నిటికంటె భిన్నము. అది 1954 నవంబరు 1న ఫ్రెంచివారి పాలననుండి వ్యవహారరీత్యాను, 1962 ఆగస్టు 16న న్యాయరీత్యాను భారతదేశమున చేరినది. ఫ్రెంచి ఇండియాలో 1881 సెప్టెంబరు 21 నాటి శాసనము క్రింద తమ కులాచార న్యాయమును వదలుకొని ఫ్రెంచి సివిల్ కోడు నంగీకరించినవారు వంశనామమొకదానిని ఎన్నుకొనవలసియుండెను. ఫ్రెంచి రికార్డులో ఒకమారు ఎక్కిన పేరును దిద్దుట ఆ కాలమున గుమాస్తా చేతిలోని పని కాకుండెను. న్యాయస్థానపు తీర్పు కావలసియుండెను. తీర్పు వచ్చినప్పుడు మూలమును చెరుపక అంచున ఆ సంగతిని వ్రాయుదురు. ఫ్రెంచి పౌరసత్వమును నిలుపుకొన్న కుటుంబములవారికి నేటికిని పుదుచ్చేరిలోని ఫ్రెంచి కాన్సులేటు రికార్డుతో పనియుండును గనుక, రెండు దేశముల పత్రములలోను ఒకే పేరు ఒకే అక్షరములతో నుండుట వారికి మరింత ముఖ్యము.

అంచున వ్రాయు ఆ పద్ధతియే భారత చట్టమునందును కలదు. 1969 నాటి చట్టములోని 15వ సెక్షను ప్రకారము, జనన రిజిస్టరులోని ఏదేని నమోదు రూపమునందు గాని సారాంశమునందు గాని తప్పని రుజువైనప్పుడు రిజిస్ట్రారు దానిని దిద్దవచ్చును. మూలములోని వ్రాతను మార్చరాదు. అంచున సరియైన నమోదు వ్రాసి, సంతకము చేసి, తేదీ వేయవలెను. చట్టము న్యాయస్థానమును గాక రిజిస్ట్రారునే ఇందుకు అధికారిగా నియమించినది. ఈ సంగతి తెలియక, వకీలును పెట్టుకొని దావా వేయవలయునేమోయని భయపడి ఊరకుండినవారు పెక్కుమంది కలరు.

ఈ సెక్షను ననుసరించి రాష్ట్రములు చేసికొన్న నియమములలో తప్పులు రెండు తెగలుగా నున్నవి. వ్రాతలో దొరలిన తప్పు, అనగా అక్షరము పోవుట, వరుస తారుమారగుట వంటిది మొదటి తెగ. రిజిస్ట్రారు విచారించి, తృప్తిపడినచో దిద్దును. సారాంశములోని తప్పు రెండవ తెగ. దీనికి ఆ సంగతు లెరిగిన ఇద్దరు విశ్వసనీయులు తప్పు ఎట్టిదో, నిజమేదో తెలుపుచు వాఙ్మూలపత్ర మీయవలెను. సోలాపురపు 'రాజయ్య బత్తుల' వంటిది మొదటి తెగలోనిది. తండ్రి పత్రములే దానికి చాలిన సాక్ష్యము. ఇంటిపేరునకు మారుగా వేరే మాటయే ఎక్కియున్నచో రిజిస్ట్రారు దానిని రెండవ తెగలోనిదిగా భావించుట సహజము. అప్పుడు తలిదండ్రుల వివాహ ధ్రువపత్రము, వారి బడి పత్రములు, ఆధార్, పాస్‌పోర్టులు, పెద్దబిడ్డ జననపత్రము వీనిలో లభించినవన్నియు జతచేయుట మేలు. ఆసుపత్రి పంపిన సమాచారపత్రముననే తప్పున్నదా, సరిగ వచ్చినదానిని కార్యాలయమున తప్పుగ ఎక్కించిరా యని ముందుగ తెలిసికొనవలెను. ఆసుపత్రిలో పుట్టిన శిశువు విషయమున సమాచారమిచ్చు బాధ్యత చట్టరీత్యా ఆసుపత్రి అధికారిదే. అక్కడనే తప్పు దొరలినచో ఆ అధికారినుండి లేఖ తెచ్చుట దారిని సుగమము చేయును.

దరఖాస్తులో వాడు మాటలయందు మెలకువ అవసరము. రిజిస్ట్రారు ఎదుట నుండు ప్రశ్న యొక్కటే: నమోదైన నాడు ఆ వ్రాత తప్పా, కాదా? "బిడ్డ ఇంటిపేరు మార్చవలసినది" అని వ్రాసినచో, ఆ నాటి నమోదు సరియే యనియు ఇప్పుడు మనసు మారినదనియు అర్థమగును. మార్పునకు చట్టమున వేరు దారులు కలవు. 15వ సెక్షను దానికొరకు కాదు. "ఇంటిపేరు ఫలానాది కాగా, ఫలానాదిగా పొరపాటున నమోదైనది, దిద్దవలసినది" అని వ్రాయవలెను. ఈ ఒక్క మాట తేడాచేత త్రిప్పివేయబడు దరఖాస్తులుండును. అయినను ఇది మాటల నేర్పుతో గట్టెక్కు విషయము కాదు. తలిదండ్రులే తమిళ మర్యాదను మెచ్చి ఇంటిపేరును వ్రాయింపక, అయిదేండ్ల తరువాత కావలయునని తలచినచో అది పొరపాటు కాదు. అట్టిచోట తప్పు జరిగినదని వాఙ్మూలమిచ్చుట అసత్యమగును.

రిజిస్ట్రారు నిరాకరించినచో 2023 సవరణచే చేరిన 25ఏ సెక్షను క్రింద 30 దినములలోగా జిల్లా రిజిస్ట్రారునకు అప్పీలు చేసికొనవచ్చును. ఆయన 90 దినములలో తీర్పు చెప్పవలెను.

తప్పు జరిగిన పిదప దిద్దుటకంటె గడిని ఖాళీగా విడుచుట మంచిదని చెప్పిన కొందరికి వింతగా తోచవచ్చును. కాని చట్టము దీనిని అంగీకరించుచున్నది. పేరు లేకుండగనే జననమును నమోదు చేయింపవచ్చును. 14వ సెక్షను ప్రకారము తలిదండ్రులు తరువాత పేరు తెలుపవచ్చును. నమోదైన 12 నెలలలోగా తెలిపినచో రుసుము లేదు; ఆ తరువాత 15 సంవత్సరములవరకు రుసుముతో తెలుపవచ్చును. జననమును తెలుపుటకు చట్టమిచ్చిన గడువు 21 దినములు. మన ఇండ్లలో బారసాలను ఇరువదియొకటవ నాడు జరుపు ఆచారము పలుచోట్ల కలదు. చట్టము చేసినవారు బారసాలను తలచి ఆ గడువు పెట్టి యుండరు గాని, రెండును చక్కగా కుదిరినవి. ఆసుపత్రిలో తొందరపడి మేనమామ చెప్పిన ముద్దుపేరును వ్రాయించుటకు మారుగా, పేరు పెట్టిన పిమ్మట ఇంటిపేరుతో కూడ పూర్తిపేరును తలిదండ్రులే తమ చేతితో వ్రాసి యిచ్చుట ఉత్తమము.

ఈ మార్గము తమిళనాటి కుటుంబములకు విశేషముగ ఉపకరించును. తండ్రి పత్రములలో ఇంటిపేరు లేనందున, బిడ్డ పత్రమున లేకపోవుట తప్పని రుజువు చేయుట వారికి కష్టము. బిడ్డకు పేరిచ్చుట మాత్రము తలిదండ్రుల వశమునందున్నది. ఆ గడి ఖాళీగ నున్నంతవరకు ఇంటిపేరును బిడ్డపేరులో భాగముగ చేర్చి తెలుపుటకు పాతపత్రముల బలము అంతగా అవసరముండదు. ఒక్కమారు నింపిన తరువాత ఆ అవకాశము దాటిపోవును.

ఇంటిపేరన తండ్రియింటి పేరే కావలయునను భావము మనవారిలో బలమైనది. ఈ విషయమున 2022 జులై 28న సుప్రీం కోర్టు చెప్పిన తీర్పు తెలిసికొనదగినది. ఆంధ్రప్రదేశమునుండి వచ్చిన వ్యాజ్యమది. భర్త చనిపోయిన యొక స్త్రీ మరల వివాహమాడి, బిడ్డకు రెండవ భర్త ఇంటిపేరును పెట్టినది. మొదటి భర్త తలిదండ్రులు అభ్యంతరము చెప్పగా, పూర్వపు ఇంటిపేరునే నిలుపవలయునని హైకోర్టు ఆదేశించినది. సుప్రీం కోర్టు ఆ ఆదేశమును త్రోసివేసినది. తండ్రి లేనప్పుడు తల్లియే సహజ సంరక్షకురాలనియు, బిడ్డ ఇంటిపేరును నిర్ణయించు హక్కు ఆమెకు కలదనియు చెప్పినది. ఇట్టి కుటుంబములలో పత్రమును దిద్దించుటకు ముందు, ఏ ఇంటిపేరు కావలయునో నిర్ణయించవలసినది తాతలు కారు, తల్లి.

ఇద్దరు విశ్వసనీయుల వాఙ్మూలమునకు ఎవరిని పిలువవలెనన్న ప్రశ్న మిగిలినది. సంగతు లెరిగినవారై యుండవలయుననియే నియమములు చెప్పుచున్నవి. ఉద్యోగులై యుండవలయునని కాదు. ఆ ఊరిలో ఆ కుటుంబమును చిరకాలముగ నెరిగిన తెలుగు పెద్దలు, పెండ్లి చేయించిన పురోహితుడు, తెలుగు సంఘపు కార్యకర్తలు ఇందుకు తగినవారే. సంఘము తన ముద్రవేసి యిచ్చు లేఖ మాత్రము వాఙ్మూలమునకు బదులు కాజాలదు. సంఘపు కార్యదర్శి తానెరిగిన సంగతిని తన పేరుతో, తన సంతకముతో తెలుపవలెను. పాత శుభలేఖలు, భూమి దస్తావేజులు, తాతల నాటి క్రయపత్రములు ఉన్నచో వాని నకళ్ళను జతపరచవలెను. మద్రాసు రాజధాని కాలపు దస్తావేజులలో ఇంటిపేరు, తండ్రిపేరు, ఊరు వరుసగ వ్రాయబడియుండుట సామాన్యము. నేటి పత్రములలో లేని సాక్ష్యము పలుమారులు ఆ మాసిన కాగితములలోనే దొరకును.

దిద్దిన పత్రము చేతికి వచ్చినప్పుడు తెలుగు తెలిసిన వారొకరు ఇంగ్లీషు ప్రతిని, ప్రాంతీయభాషా ప్రతిని అక్షరమక్షరము చదివి చూడవలెను. పాతపత్రమును చింపివేయరాదు. ఆధార్ కార్డు పాత పేరుతో వచ్చియున్నచో, దానిని మార్పించునప్పుడు రెండు ప్రతులను చూపవలసిరావచ్చును.